అతుకు కనబడని కుటుంబ చిత్రము

ఖతారులో పనిచేసే తెలుగువారి ఇండ్లలో ఒక రకము ఛాయాచిత్రము గోడకెక్కుతున్నది. తల్లి, భార్య, పిల్లలు ఊళ్ళో తీయించుకొన్న ఫొటో ఒకటి. ఇంటాయన శుక్రవారము సెలవునాడు దోహా కోర్నిషు మీద, వెనుక వెస్ట్ బే మేడలు కనబడేటట్లు, తోటివాని చేత సెల్‌ఫోనులో తీయించుకొన్నది ఇంకొకటి. కరీంనగరులోనో జగిత్యాలలోనో స్టూడియోవారు కంప్యూటరులో రెంటినీ కలిపి ఒకటి చేస్తారు. ఆ ఏడంతా ఒకచోట నిలబడని ఐదుగురు ఒకచోట నిలబడతారు.

ఇది మోసమనేవారున్నారు. మేము అలా అనము. 2018 దాకా యజమాని సమ్మతి లేనిదే అక్కడి కార్మికులలో చాలామంది దేశము దాటలేకపోయేవారు. ఆ ఏటి చట్టముతో, 2020 నాటి సడలింపుతో ఆ నిర్బంధము చాలావరకు పోయింది. చిన్న జీతగాండ్రు కుటుంబమును రప్పించుకొనే వీలు మాత్రము నేటికీ లేదు. కనుక ఇది అవసరములో పుట్టిన కళ. అయినా కళే గనుక పరీక్షకు నిలవాలి.

అతుకుపని పాతదే. 1857లో ఇంగ్లండులో రేలాండర్ ముప్పైకి పైగా నెగటివులు కలిపి ఒకే చిత్రము చేశాడు. మరుసటి ఏడు రాబిన్సన్ ఐదు నెగటివులతో మరణశయ్య మీది బాలికను చూపితే చూసినవారు నొచ్చుకొన్నారు. 1990లో ఫొటోషాప్ వచ్చి, 1994లో దానికి పొరలు, అంటే గాజుపలకల వలె బొమ్మ మీద బొమ్మ పేర్చే ఏర్పాటు, చేరిన తరువాత అంత శ్రమ లేదు.

శ్రమ తగ్గిన కొద్దీ చూపు కూడా తగ్గింది. జుట్టు అంచులు చక్కగా కత్తిరిస్తారు, వెలుగును పట్టించుకోరు. ఖతారు మధ్యాహ్నపు ఎండకు కనుబొమల కింద, ముక్కు కింద నల్లటి నీడ పడుతుంది. స్టూడియో గొడుగుదీపము కింద భార్య ముఖము మెత్తగా ఉంటుంది. ఒకరు ఎండలో, ఒకరు నీడలో! ఆయన కాళ్ళ కింద నీడే ఉండదు, గాలిలో తేలుతున్నట్లు ఉంటాడు.

ఇంతకంటె పెద్ద విషయము, ఎవరిని ఎవరి దగ్గరకు తెచ్చారన్నది. ముసలితల్లిని సైతము దోహా మేడల ముందు నిలబెట్టే చిత్రములు మాకు నచ్చవు. అవి చుట్టాలకు చూపే గొప్పలు. ఎనిమిదిమంది పడుకొనే గదిని మేడల వెనుక దాచేస్తాయి. ఆయననే ఇంటి అరుగు మీదికి తెచ్చి, తల్లి భుజము వెనుక నడుము దాకా చూపి, ముఖము మీది ఎండను కాస్త తగ్గించినవి కొన్ని ఉన్నాయి. అవి మంచి చిత్రములు. కాళ్ళు కనబడవు గనుక నీడ చిక్కూ లేదు!

మన మారిషస్‌లో 1867 నాటి చట్టము పాత వలసదారులకు ఫొటో అతికిన టికెట్టు తప్పనిసరి చేసింది. ఆ ముఖములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ప్రక్కన భార్య లేదు, తల్లి లేదు, ఒక అంకె ఉన్నది. కోరంగి రేవులోనో, చెన్నపట్నములోనో విడిచి వచ్చినవారి ఫొటో ఏదీ మనకు మిగలలేదు. కలుపుదామన్నా రెండవ బొమ్మ లేదు. ఖతారు తెలుగువారికి రెండూ ఉన్నాయి. వారి మునిమనుమలు ఆ పటము చూసి, తాతగారు ఆ పండుగకు ఇంట్లోనే ఉన్నారని నమ్ముతారు. అందుకే మా కోరిక ఒక్కటే: పటము వెనుక ఏ ఊళ్ళలో తీసిన ఏ రెండు ఫొటోలు, ఏ ఏట కలిపినవో సిరాతో రాయించండి. స్టూడియోవారు తమంతట రాయరు, అడిగితే కాదనరు.