కొసరు వద్దన్న అన్న

మా తెలుగులో అన్న అంటే మనకన్నా ముందు పుట్టిన తోబుట్టువు, మగవాడు, కష్టమొస్తే మొదట నోటికొచ్చే పిలుపు. మలయాళ నేల మీద అదే మాట ఒక ఆడపిల్లకు పేరయింది. అందుకే నిన్ను తలచుకున్నప్పుడల్లా నాలుక తడబడుతుంది తల్లీ. అన్న అనాలా, అమ్మ అనాలా? రెండూ అంటాను. 1905లో తిరువనంతపురంలో పుట్టిన అన్న చాండీ, అమ్మా, ఈ తెలుగు నేల నుంచి నీకో దండం.

సంతలో మాకొక అలవాటుంది. తూకం అయ్యాక కొసరు అడుగుతాం. గుప్పెడు చింతచిగురో, రెండు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో సంచిలో పడేసి కొట్టువాడు నవ్వుతాడు. మేమూ నవ్వుతాం. తూకంలో పోయిందెంతో ఆ నవ్వులో ఎవరికీ గుర్తుండదు. నీకు గుర్తుంది. నీ కొసరు నువ్వే ఉంచుకో, కాటా సరిగ్గా పట్టు అన్నావు. నీ బతుకంతా ఆ ఒక్క బేరమే.

నువ్వు వచ్చేనాటికి కోర్టు తలుపులు ఎలా ఉండేవని! 1916లో కలకత్తాలో లా చదివి వచ్చిన రెజీనా గుహను హైకోర్టు వెనక్కి పంపింది. వకీలంటే మగవాడేనంది. 1921లో పట్నాలో సుధాంశుబాలా హజ్రాకూ అదే జవాబు. ఆడవాళ్లు వకాల్తా పట్టవచ్చని బ్రిటిష్ ఇండియాకు చట్టం వచ్చింది 1923లో. నీది తిరువాన్కూరు, రాజుగారి ఏలుబడి. అక్కడ నువ్వే వెళ్లి లా కాలేజీ బెంచీ మీద కూర్చున్నావు. కేరళలో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్న మొదటి స్త్రీవి. 1929లో నల్లకోటు తొడిగి క్రిమినల్ కేసులు చేతికి తీసుకున్నావు. నీ భర్త పోలీసు అధికారి. ఒకే గడపలో ఒకరు పట్టుకునే మనిషి, ఒకరు వాదించే మనిషి. ఆ ఇంటి భోజనాల వేళ మాటలు వినాలని నాకొక చిలిపి కోరిక.

ఆ రోజుల్లోనే కదా ఆ సభ. ఆడవాళ్లకు సర్కారు కొలువులు కూడదని టి. కె. వేలు పిళ్ళై అంతటి పండితుడు సెలవిచ్చాడు. ఉద్యోగాలు చేస్తే ఇల్లు ఎవరు చూస్తారన్నది ఆయన బెంగ. నువ్వు వేదికెక్కి, అదేదో కోర్టు హాలయినట్టు, ఆయన మాటల్ని ఫిర్యాదు కాగితంలా విప్పి పేరా తరవాత పేరా కొట్టేశావు. బతిమాలలేదు, కళ్లొత్తుకోలేదు. వాదించావు. వెక్కిరించావు కూడా. పాతికేళ్లయినా నిండని పిల్లవు!

1930లో 'శ్రీమతి' పత్రిక పెట్టావు. ఆ మరుసటేడు తిరువాన్కూరు ప్రతినిధుల సభ అయిన శ్రీమూలం ప్రజాసభకు పోటీ చేశావు. మగవాడు నిలబడితే ఆస్తి ఎంత, పలుకుబడి ఎంత అంటారు. ఆడది నిలబడితే ఒకటే అడుగుతారు. నీ నడత మీద ఊరి గోడలు మాట్లాడాయి, ఓడిపోయావు. ఆ గోడరాతలకు జవాబు 'శ్రీమతి' సంపాదకీయంలో రాసి, 1932లో మళ్లీ నిలబడి గెలిచావు. గోడలు నేటికీ మాట్లాడుతూనే ఉన్నాయి తల్లీ, సున్నం బదులు ఫోను తెర మీద.

ఇక నీ గొంతులో నాకు గుచ్చుకునే మాట దగ్గరికి వస్తాను. తిరువాన్కూరులో ఆడవాళ్లకు ఉరిశిక్ష నుంచి మినహాయింపు ఉండేది. దయ అనేవారు దాన్ని. ఆ దయ మాకు అక్కర్లేదన్నావు నువ్వు. ఓటులో సమానమై, కొలువులో సమానమై, ఉరితాటి దగ్గర మాత్రం అబలనెలా అవుతానన్నావు. నేను ఉరే ఉండకూడదనే పక్షం. ఈ వాదన చదివినప్పుడు ఒంట్లో జలదరింపు పుట్టింది, నీతో పోట్లాడాలనిపించింది. కానీ కొసరు వద్దన్న మనిషి ఉరితాడు వచ్చేసరికి కొసరు పుచ్చుకుంటే ఇక ఆ కాటాకు విలువేముంది? చేదు వచ్చినా సరే, తూకం తూకమేనన్నావు. నీతో ఒప్పుకోను. నీ ముందు తల మాత్రం వంచుతాను.

ఆ నోటితోనే ఇంకో మాటా అన్నావు. మలయాళ స్త్రీకి హక్కులు వచ్చాయి సరే, తన ఒంటి మీద తనకు హక్కు ఎందరికి ఉందని. 1930లలో! అమ్మమ్మలు పదో కాన్పు, పదకొండో కాన్పు అని వేళ్లు మడుచుకుంటున్న కాలంలో.

1937లో తిరువాన్కూరు దివాను సర్ సి. పి. రామస్వామి అయ్యరు నిన్ను మున్సిఫుగా వేశాడు. అంతకుముందు భారతదేశంలో ఆ పీఠం మీద స్త్రీ లేదు. తరవాత పున్నప్ర, వయలారుల్లో కాల్పుల నెత్తురు అంటినదీ ఆ దివాను పాలనకే. చరిత్ర మనకు నచ్చిన చేతులతోనే తలుపు తీయించదు. ఆ మొదటి ఉదయాన్ని నేను ఊహించుకుంటాను. బంట్రోతు గట్టిగా పేరు పిలుస్తాడు, హాలంతా లేస్తుంది. పాతికేళ్ల అలవాటున్న ప్లీడరు నోటిదాకా వచ్చిన 'అయ్యా' అక్కడే ఆగిపోతుంది. నాలాగే అతనికీ నాలుక తడబడి ఉంటుంది. నువ్వు మాత్రం దావా కాగితం తిప్పుతూ, ఊఁ, చెప్పండి, అని ఉంటావు.

1948లో జిల్లా జడ్జి. 1959 ఫిబ్రవరి 9న ఎర్నాకుళంలో కేరళ హైకోర్టు న్యాయమూర్తి. దేశంలో ఏ హైకోర్టు బెంచి మీదనైనా కూర్చున్న తొలి స్త్రీవి నువ్వే. 1967 ఏప్రిల్ దాకా ఆ బరువు మోసి, ఆ పైన లా కమిషన్‌లో పనిచేసి, 1973లో నీ ఆత్మకథ నువ్వే రాసుకున్నావు. మా హైదరాబాదు హైకోర్టు బెంచి మీదికి జస్టిస్ అమరేశ్వరి వచ్చేసరికి 1978. నువ్వు దిగి అప్పటికి పదకొండేళ్లు.

పత్తనంతిట్టలో మీరా సాహిబు అనే ఒక తండ్రి నీ సంగతి విన్నాడు. రసాయనశాస్త్రంలో పై చదువు చదువుతానన్న కూతురిని లా చదవమన్నాడు. ఆ పిల్ల 1950లో వకీలయింది. 1958లో, నువ్వు జిల్లా జడ్జిగా ఉన్న రోజుల్లోనే, మున్సిఫు అయింది. నువ్వెక్కిన మెట్లే ఎక్కి, నువ్వు ఆగిన మెట్టు దాటి, 1989 అక్టోబరు 6న ఢిల్లీ వెళ్లి ప్రమాణం చేసింది. సుప్రీంకోర్టు పుట్టిన 39 ఏళ్లకు ఆ బెంచి మీద కూర్చున్న మొదటి స్త్రీ ఆమె, ఫాతిమా బీవి.

ఆ రోజుకు నీకు 84 ఏళ్లు.