ఒక మాట వెంట ఇంకో మాట

తెలుగు వాక్యం ఎంత ముందుచూపుతో నడుస్తుందో నాకు బాగా తెలిసింది మార్కోవ్ గొలుసులు కట్టడం మొదలుపెట్టాకే. పద్ధతి సులువు. బోలెడంత వచనం తీసుకుని, ఏ మాట తర్వాత ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క రాసుకోవాలి. ఆపైన ఒక మాటతో మొదలుపెట్టి, ఆ లెక్కను బట్టి చీటీ తీసినట్టు తర్వాతి మాటను ఎంచుకుంటూ పోవాలి. గొలుసుకు చివరి మాట తప్ప వెనకటిదేదీ గుర్తుండదు.

రష్యన్ గణితవేత్త ఆంద్రే మార్కోవ్ 1913లో పుష్కిన్ పద్య నవల ‘యెవ్గెనీ అనేగిన్’ నుంచి 20,000 అక్షరాలు తీసుకుని చేత్తోనే లెక్కగట్టాడు. అచ్చులు 8,638, హల్లులు 11,362. అచ్చు వెంటనే మరో అచ్చు వచ్చేది నూటికి దాదాపు 13 సార్లే. హల్లు తర్వాత అచ్చు వచ్చేది 66 సార్లు. ముందున్న అక్షరాన్ని బట్టి తర్వాతిది మారుతుందని అంకెల్లో తేలింది. 1948లో అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ పుస్తకం పేజీలు తిప్పుతూ ఇదే పద్ధతిలో ఇంగ్లీషు మాటలు పుట్టించాడు.

తెలుగులో మొదటి చిక్కు అక్షరం దగ్గరే వస్తుంది. మనకు ‘స్త్రీ’ ఒకే అక్షరం. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో ఆరు ముక్కలు. ముక్కల వారీగా గొలుసు కడితే ఒత్తు కింద ఒత్తు చేరి నోరు తిరగనివి పుడతాయి. నిండు అక్షరాలుగా కోస్తే పలకడానికి వీలైనవి వస్తాయి.

మాటల గొలుసులో అసలు సంగతి బయటపడుతుంది. ‘నేను ఉదయాన్నే లేచి ఊరికి వెళ్లింది.’ పక్కపక్క మాటలు ఏ రెండు తీసుకున్నా తప్పు లేదు. కానీ ‘వెళ్లింది’ దగ్గరికొచ్చేసరికి గొలుసు ‘నేను’ను మరిచిపోయింది. పోనీ, నాలుగు మాటలు గుర్తుంచుకోమంటే, ఉన్న వచనం కొంచెమే అయితే మూలంలోని వాక్యాలనే అప్పజెబుతుంది. పైగా ఇంట్లో, ఇంట్లోకి, ఇంట్లోంచి, ఇంట్లోనే అన్నీ దాని లెక్కలో వేర్వేరు మాటలు. ఒక్కోదానికి దొరికే ఉదాహరణలు అందుకే పలచబడిపోతాయి.

మన భాషలో కర్త మొదట్లో, క్రియ చివర్లో ఉండటం మామూలు. ఆ మధ్య దూరమంతా పాఠకుడు కర్తను గుర్తుపెట్టుకునే నడవాలి. అందుకే ఇప్పుడు వాక్యం పొడుగవుతోందనిపిస్తే ఆగి, ఆ దూరం కొలుచుకుంటాను. అవసరానికి మించి ఉంటే రెండు వాక్యాలు చేస్తాను. గుర్తుపెట్టుకునే శ్రమ చదివేవాళ్ల మీద పడకుండా చూడటం రాసేవాళ్ల పని.