అగాధము చూచిన ఆచార్యుడు

నరసాపురము రేవులో పంటు ఎక్కి, వసిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లిలో దిగినవారు సముద్రమువైపు సాగినచో అంతర్వేది చేరుదురు. అక్కడ అన్నాచెల్లెళ్ళ గట్టు అని జనులు పిలుచు తావున నదినీరు, సముద్రపునీరు కొంతదూరము వేరువేరు రంగులతో కనిపించును. అవి వెంటనే ఎందుకు కలిసిపోవు? మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. నీటి బరువులోని ఇట్టి చిన్న భేదములను కొలిచి బంగాళాఖాతపు నడకను ఎట్లు తెలిసికొనవచ్చునో మన విద్యార్థులకు నేర్పిన శాస్త్రజ్ఞులలో యూజీన్ లాఫాండ్ ముఖ్యుడు.

లాఫాండ్ అమెరికా నౌకాదళమువారి శాన్‌డీగో ప్రయోగశాలకు చెందిన సముద్ర శాస్త్రజ్ఞుడు. 1952–53లోను, మరల 1955–56లోను ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యుడుగా పనిచేసినారు. శిష్యులను ఓడలపై తీసికొనిపోయి, వివిధ లోతులలో నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిపించినారు. ఈ పరిశోధనలు 1954లోను, 1958లోను రెండు సంపుటములుగా విశ్వవిద్యాలయము పక్షమున వెలువడినవి. పూర్ణచంద్రరావుతో కలిసి సముద్రములోపలి ఉష్ణోగ్రతల హెచ్చుతగ్గులను గూర్చియు, ప్రసాదరావుతో కలిసి వాల్తేరు తీరపు ఇసుక కోతను గూర్చియు ఆయన వ్రాసిన వ్యాసములు మొదటి సంపుటములో ఉన్నవి. వ్యాసము నెత్తిన గురువు పేరుతోపాటు శిష్యుని పేరు కూడ ఉండుట గమనింపదగినది.

ఆయన చూపిన ముఖ్యవిషయము ఇది. వసంతకాలమున నైరుతి గాలి తీరము వెంబడి వీచునప్పుడు, భూభ్రమణము మూలమున పైనీరు కుడివైపునకు, అనగా నడిసముద్రమువైపు, తొలగును. ఆ ఖాళీని నింపుటకు అడుగునున్న చల్లని నీరు పోషకలవణములతో పైకి లేచును. వాటివలన సూక్ష్మజీవులు, వాటివలన చేపలు వృద్ధిచెందును. శరత్కాలమున గాలి మారగా నీరు తీరమున పోగుపడి అడుగునకు దిగును.

ఈ వివరణ సరియైనదే కాని సంపూర్ణము కాదు. భూమధ్యరేఖ ప్రాంతమున పుట్టి, ఖాతపు అంచు వెంబడి ప్రయాణించివచ్చు తరంగములు కూడ మన తీరపు ప్రవాహములను మార్చునని 1990 తరువాతి పరిశోధనలు తెలిపినవి. లాఫాండ్ దృష్టి ఎక్కువగా స్థానికమైన గాలిపైననే నిలిచినది. అప్పటి పరికరములకు, అప్పటి కొలతలకు అంతకుమించి అందుట కష్టము.

వాల్తేరునుండి వెళ్ళిన పిమ్మట ఆయన ‘ట్రియెస్ట్’ అను అగాధనౌకలో సముద్రగర్భమునకు దిగినారు. పెట్రోలు నింపిన పెద్ద తొట్టి క్రింద ఉక్కుగోళము వ్రేలాడుచుండును. అందు మనుష్యులు కూర్చుందురు. పెట్రోలు నీటికంటె తేలిక. అందుచేత ఇనుపగుళ్ళ బరువుతో దిగి, వాటిని వదలి పైకి రావచ్చును. 1960 జనవరి 23న పికార్, వాల్ష్ అనువారు ఈ నౌకలోనే సుమారు 10,900 మీటర్ల లోతునకు చేరి లోకప్రసిద్ధులైనారు. లాఫాండ్‌కు అట్టి ఖ్యాతి రాలేదు. ఆయన అందులో దిగినది అడుగునీటి ప్రవాహమును కొలుచుటకు. ఆ ఫలితములను 1962లో ప్రకటించినారు. 1964లో మన తూర్పుతీరమున సముద్రములోపలి లోయలను వర్ణించుచు వాటికి ఆంధ్ర, కృష్ణ అనియు, వాల్తేరు భూగర్భశాస్త్రాచార్యుడు మహాదేవన్ పేరనియు నామకరణము చేసినారు. తన పేరు పెట్టుకొనలేదు.

ఒక లోపము మాత్రము చెప్పక తప్పదు. ఆ సంపుటములు ఇంగ్లీషులో వెలువడినవి. ఏ నీటిలో చేప దొరకునో ఎవరు తెలిసికొనవలెనో, ఆ పల్లెకారులకు అవి అందలేదు. ఈ తప్పు ఆయన ఒక్కరిది కాదు. ఆయనవద్ద చదివిన మనవారిది అంతకంటె ఎక్కువ. హైదరాబాదులో 1999లో ఏర్పడిన జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము ఉపగ్రహముల సాయముతో చేపలుండు తావులను తెలుగులో కూడ తెలుపుచున్నది. చల్లని నీరు పైకి లేచినచోట చేప చేరునను పాఠమే అందులోను ఉన్నది.

లోతునకు దిగినవాడు చూచినది ఒడ్డుననున్నవానికి తెలిసిననాడే ఆ దిగుట సార్థకము. అంతర్వేది పల్లిపాలెములో వల సర్దుకొను మనిషి ‘నీరు ఈ పూట ఎందుకు చల్లగా ఉన్నది?’ అని అడిగినచో, అతని మాటలలో బదులు చెప్పగలవాడే లాఫాండ్ పనిని పూర్తిచేసినవాడగును.