నల్లరేగడిని గెలిచే సుతారులు

నిజాంసాగర్ కాలువల కింద ఉన్న బాన్సువాడ ప్రాంతంలో నల్లరేగడి జాగలో ఇల్లు కట్టాలంటే ముందు నేలతోనే పేచీ. పంటకు బంగారంలాంటి ఆ మన్ను గోడకు మాత్రం గండం. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పునాది తేలిపోతే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు దిగుతుంది.

ఆ నేలను లొంగదీసేవాళ్లు మన సుతారులు. మంచి సుతారి గుంతలోంచి పిడికెడు మన్ను తీసి, తడిపి, వేళ్ల మధ్య పిసికి చూస్తాడు. జిగట ఉంటే ఇంకా తవ్వమంటాడు. గట్టి మొరం తగిలాకే పునాది వేస్తాడు. బేస్మెంట్‌లో తవ్వి తీసిన రేగడినే మళ్లీ నింపనివ్వడు. మొరం పొరలుగా పోయించి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో గట్టిపరుస్తాడు. ఆపైన ప్లింత్ బీమ్ గోడలన్నిటినీ ఒక్క కట్టుగా పట్టి ఉంచుతుంది.

మొరం అందని చోట అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ వేస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే ఆ పద్ధతిని తీర్చిదిద్దింది. తేమ పెద్దగా మారని లోతుకు, సుమారు 3.5 మీటర్లకు, దిగి అవి ఇంటిని మోస్తాయి.

ఈ విద్యకు మన దగ్గర పాత వేర్లున్నాయి. 1213 నాటి రామప్ప గుడికి కాకతీయ శిల్పులు ఇసుక నింపిన పునాది వేశారు.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక్క మాట: ఎలివేషన్‌కు తగ్గించినా ఫర్వాలేదు, పునాది దగ్గర సుతారి అడిగిన ఖర్చు కోయకండి.