మేలుకొలుపు, మేలుకొనుట: మదనపల్లె అనువాదంలో ఒక క్రియ

రవీంద్రనాథ్ టాగూరు ‘జనగణమన’ గీతాన్ని 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో ఆంగ్లంలోకి అనువదించిన సంగతి సుప్రసిద్ధం. అప్పుడు ఆయన అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు అతిథి. కళాశాల ప్రిన్సిపాల్ ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ గీతానికి స్వరలిపి కూర్చారు. ఫిబ్రవరి 28 తేదీ వేసిన ఆ అనువాదానికి ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు. ప్రాంతీయ చరిత్రలో ఈ ఘట్టానికి దక్కిన గౌరవం అనువాద పాఠానికీ దక్కవలసి ఉంది. నిద్ర నుంచి లేవడాన్ని తెలిపే ‘వేక్’ అనే సామాన్యమైన ఆంగ్ల క్రియను, దానికి దగ్గరి ‘రౌజ్’ను టాగూరు ఎక్కడెక్కడ వాడారో, దానివల్ల గీతార్థం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

క్రియాస్వరూపం

‘వేక్’ అకర్మకమూ సకర్మకమూ కూడా. తాను లేవడానికీ, ఇతరులను లేపడానికీ అదే రూపం చెల్లుతుంది. ప్రాచీన ఆంగ్లంలో వేర్వేరుగా ఉన్న రూపాలు కాలక్రమంలో ఇందులో కలిసిపోయాయి. ‘రౌజ్’కు మూలం వేట పరిభాష. పొదలో దాగిన జంతువును బయటికి రేపడం దాని పాత అర్థాలలో ఒకటి. అందువల్ల లేచేవాడికంటే లేపేవాడి వైపే దాని మొగ్గు ఎక్కువ.

తెలుగు ఈ రెండు వ్యాపారాలను స్పష్టంగా విడదీస్తుంది. లేచు–లేపు, మేలుకొను–మేలుకొలుపు అన్న జంటలు అందుకు నిదర్శనం. నెలకొను–నెలకొలుపు, పురికొను–పురికొలుపు అన్నవీ ఈ కోవలోనివే. ‘కొను’ వ్యాపారఫలాన్ని కర్తకే చెందిస్తుంది. ‘కొలుపు’ దాన్ని మరొకరిపై ప్రసరింపజేస్తుంది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా సాగే ఈ సరిహద్దు సీమలో తెలుగుకు పొరుగున ఉన్న భాషల్లోనూ ఈ భేదం ఉంది. కన్నడంలో ఏళు–ఎబ్బిసు, తమిళంలో ఎళు–ఎళుప్పు. కనుక ‘ఎవరు లేచారు, ఎవరు లేపారు’ అన్న ప్రశ్నను ఈ సీమ భాషలు క్రియారూపంలోనే తేల్చివేస్తాయి. మదనపల్లెలో పుట్టిన అనువాదాన్ని అదే ప్రశ్నతో చదవడం సముచితం.

మూలం, అనువాదం

వంగమూలంలోని మొదటి చరణంలో ‘జాగే’ అకర్మక క్రియ. దానికి కర్తలు ప్రాంతాలు, పర్వతాలు, నదులు, సముద్రతరంగాలు. అవి అధినాయకుడి శుభనామంతో తామే మేలుకొంటాయి, ఆశీస్సు కోరుతాయి, జయగాథ పాడతాయి. వంగభాషలోనూ తెలుగులోనూ క్రియ సాధారణంగా వాక్యాంతంలో వస్తుంది. అందుచేత పేర్ల పరంపర అంతా ఆ మేలుకోవడం కోసం ఎదురుచూస్తున్నట్లు ఉంటుంది.

అనువాదంలో కర్త మారింది. నామమే కర్తయై ప్రాంతాల హృదయాలను ‘రౌజ్’ చేస్తుంది. అదే నామం కొండలలో ప్రతిధ్వనిస్తుంది, నదుల సంగీతంలో కలిసిపోతుంది. మేలుకొనే ప్రాంతాలు మేలుకొలుపబడేవి అయ్యాయి. క్రియను ముందుకు తెచ్చే ఆంగ్ల వాక్యక్రమం ఈ మార్పునకు కొంత కారణం కావచ్చు. అయితే అదొక్కటే కారణమనలేం. అకర్మకంగా ‘వేక్’ను వాడే వీలు ఆంగ్లంలో ఉంది, టాగూరు దాన్ని ఇక్కడ వాడలేదు.

దాన్ని ఆయన చివరికి దాచి ఉంచారు. మూలంలో ఇదే ధాతువు నాలుగవ చరణంలో ‘జాగ్రత’గా, అయిదవ చరణంలో మళ్లీ ‘జాగే’గా వస్తుంది. అనువాదంలో నాలుగవ చరణానికి ‘వేక్‌ఫుల్’ అన్న విశేషణం వచ్చింది. దేశం మొద్దునిద్రలో ఉండగా తల్లి కన్నులు మేలుకొని కాపలా కాస్తాయి. అయిదవ చరణంలో తెల్లవారాక భారతదేశం తానే కర్తగా ‘వేక్స్ అప్’. మూలంలోని ఒకే ధాతువు అనువాదంలో మూడు దశలుగా విచ్చుకుంది: పిలుపు, జాగరణ, మేలుకోవడం. ‘ప్రభాతగీతం’ అన్న శీర్షికకు సార్థకత ఈ క్రమంలోనే ఉంది.

తెలుగు మేలుకొలుపు పాటల సంప్రదాయంతో పోల్చితే ఇది మరింత స్పష్టమవుతుంది. అక్కడ భక్తుడు దైవాన్ని మేలుకొలుపుతాడు. ఇక్కడ దైవం ఎన్నడూ నిద్రించలేదు, నిద్రించినది దేశం.

వివాదంపై క్రియ సాక్ష్యం

1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో ఈ గీతాన్ని తొలిసారి పాడారు. అది అయిదవ జార్జి చక్రవర్తి భారత పర్యటన కాలం. అధినాయకుడు ఆయనేనన్న అపవాదు అప్పుడే మొదలైంది. 1937 నాటి లేఖలో టాగూరు దాన్ని గట్టిగా ఖండించారు. ‘అధినాయక’, ‘విధాత’ అన్న నామవాచకాలను మాత్రమే చూస్తే ఆ వాదం తెగదు. మొదటి చరణపు ‘రౌజ్’ను విడిగా చూసినా ప్రభువు పేరు ప్రజలను కదిలిస్తున్నదన్న భ్రమకు చోటుంది. నిద్రిస్తున్న బిడ్డ ముఖంపై చూపు నిలిపిన తల్లిగా నాలుగవ చరణం చూపిన మూర్తిలో చక్రవర్తికి తావు లేదు. దేశం తనంత తానే లేచే అయిదవ చరణం ఆ క్రియకు అసలు కర్త ఎవరో నిశ్చయం చేస్తుంది.

ముగింపు

1950 జనవరి 24న జాతీయగీతంగా స్వీకరించినది మొదటి చరణాన్నే. దేశం స్వయంగా మేలుకొనే ఆంగ్ల వాక్యం అందువల్ల పాడే భాగానికి వెలుపల ఉండిపోయింది. తెలుగులో గీతార్థం చెప్పేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆంగ్లాన్ని అనుసరించి ‘నీ నామం మేలుకొలుపుతున్నది’ అంటే మొదటి చరణంలో దేశం కర్మగా మిగులుతుంది. ‘నీ శుభనామంతో మేలుకొంటున్నవి’ అంటే మూలంలోని కర్తృత్వం నిలుస్తుంది. ఆంగ్లంలో అయిదవ చరణం దాకా ఆగవలసి వచ్చిన అర్థాన్ని తెలుగు తన ‘కొను’తో మొదటి చరణంలోనే చెప్పగలదు.