భయం తెలిసినవాళ్లు

ఈ వారం సైనిక్‌పురిలో ఒక చిన్న సభ. టెస్ట్ పైలట్లను తలుచుకుంటూ ఒక వక్త, వాళ్లకు భయమంటే ఏమిటో తెలియదన్నారు. చప్పట్లు మోగాయి. వెనక వరుసలో కూర్చున్న ఈ కాలమిస్టుకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు.

పాత పాఠకులకు ఈ కాలమిస్టు పంతం తెలిసిందే. ఏ పనిలోనైనా గొప్పతనం ముందు కాగితం మీద కనబడాలంటాడు. కొత్త విమానాన్ని ఎగరేసేవాళ్లదీ అదే దారి. ఇవాళ ఎంత వేగం, ఎంత ఎత్తు, ఏ మలుపు అన్నది నేల మీదే రాసుకుంటారు. ఆ గీత దాటరు. దిగాక విమానం ఎక్కడ వణికిందో, ఎక్కడ మొరాయించిందో ఇంజినీర్లకు పూసగుచ్చినట్టు చెబుతారు. మర్నాడు గీత ఇంకాస్త ముందుకు జరుగుతుంది.

మారుత్ యుద్ధవిమానం కథే చూడండి. కుర్ట్ టాంక్ డిజైన్ చేసిన ఆ జెట్ కన్నా ముందు, అదే కొలతలతో చెక్క గ్లైడర్ తయారుచేశారు. డకోటా విమానం దాన్ని తాడుతో పైకి లాక్కెళ్లి వదిలేస్తే, ఇంజిన్ లేకుండానే దిగాలి. అలా 78 సార్లు ఎగిరాకే అసలు విమానం వంతు వచ్చింది. 1961 జూన్ 17న టెస్ట్ పైలట్ సురంజన్ దాస్ బెంగళూరులో దాన్ని గాల్లోకి లేపారు. 1964 సెప్టెంబర్ 4న కిరణ్‌నూ మొదట ఎగరేసింది ఆయనే. హకీంపేట నుంచి లేచి దశాబ్దాలుగా సైనిక్‌పురి చుట్టుపక్కల రొద చేసిన శిక్షణ విమానం అది. చిన్నప్పుడు కాలమిస్టు మేడెక్కి వాటిని లెక్కపెట్టేవాడు.

హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లొచ్చిన సంగతి అందరికీ గుర్తే. తర్వాత హెచ్‌ఏఎల్‌లో టెస్ట్ పైలట్‌గా ఏళ్ల తరబడి చేసిన ఇలాంటి పని ఎందరికి గుర్తుంది?

ఇక్కడిదాకా పంతమే గెలిచేట్టుంది. కానీ 2009 మార్చి 6 అడ్డొస్తుంది. గాల్లో ఒక ఇంజిన్ ఆపి మళ్లీ రాజేసే పరీక్షలో సారస్ విమానం బెంగళూరు దగ్గర బిడదిలో కూలింది. ప్రవీణ్ కోటేకొప్ప, దీపేశ్ షా, ఇళయరాజా చనిపోయారు. ఇంజిన్ రాజేయడానికి డిజైనర్లు రూపొందించిన పద్ధతే సరైనది కాదని, దాన్ని పాటించిన ఎత్తూ చాలలేదని దర్యాప్తులో తేలింది.

తప్పు కాగితంలోనే ఉంది.

కాగితాన్ని నమ్మిన కలం ఇక్కడ ఆగక తప్పదు. రాసిన పద్ధతిలో ఏం లోపించిందో పైకి వెళ్లాకే తెలుస్తుంది. ఆ సంగతి బాగా ఎరిగినవాళ్లే కాక్‌పిట్‌లో కూర్చుంటారు. మారుత్‌ను అంత జాగ్రత్తగా లేపిన దాస్ కూడా 1970 జనవరి 10న దాని కొత్త రూపాన్ని పరీక్షిస్తూనే కన్నుమూశారు.

భయం తెలియదన్న మాటను కాలమిస్టు ఇప్పటికీ ఒప్పుకోడు. ధైర్యం అన్న మాటను మాత్రం ఆ వక్తకు తిరిగిచ్చేస్తున్నాడు. కిరణ్ మీద శిక్షణ పొందిన ప్రతి కుర్రాడికీ ఆ విమానం గుణం ముందే తెలుసు. 1964లో అది తెలియకుండానే ఒకాయన ఎక్కి, దిగి, చూసింది చెప్పారు గనక.