లేతును దేనితో కొలవాలి?

కొంగరకలాన్‌లో 2023 మే 15న ఫాక్స్‌కాన్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. యంత్రాల మాట వినిపించే ఇటువంటి చోట "ఏ లేతు మంచిది?" అని విద్యార్థులు అడగటం సహజమే. కాని మనం సాధారణంగా ఇచ్చే సమాధానం పరీక్షకు నిలవదు.

లేతు, అనగా తరిమెన, లోహపు ముక్కను తిప్పుతూ ఉలి ఆనించి చెక్కే యంత్రం. కొనేవాడు అడిగేవి రెండే: బెడ్ పొడవెంత? మోటారు అశ్వశక్తి ఎంత? మన పాఠాలు కూడా చాలావరకు బొమ్మలో భాగాల పేర్లు వ్రాయించి ఊరుకుంటున్నవి. ఇది లోపమని చూపటానికి ఒక కఠినమైన ఉదాహరణ తీసుకుందాం: తుపాకులు బాగుచేసే చిన్న దుకాణం. (1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఈ పనికి లైసెన్సు తప్పనిసరి.)

అక్కడి పనిముక్క పొడవైన సన్నని గొట్టం. లోపలి రంధ్రానికీ కొనన కోసే మరకూ అక్షం ఒక్కటే కావాలి. తేడా వస్తే గురి తప్పటమే కాదు, పేల్చేవాని ప్రాణానికే ముప్పు.

ఒక కొన మాత్రమే బిగించిన కడ్డీ రెండవ కొనపై బరువు మోపితే కలిగే వంపు, పొడవు ఘనాన్ని అనుసరిస్తుంది. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు! అందుచేత గొట్టాన్ని స్పిండిల్ రంధ్రంలో దూర్చి, చక్ ముందు బెత్తెడు మాత్రమే ఉంచి పనిచేయటం మేలు. చిన్న బల్ల లేతులలో ఈ రంధ్రం తరచు 20 మిల్లీమీటర్లే. రైఫిలు గొట్టపు మొదలు చాలావాటిలో 25 మిల్లీమీటర్లు దాటుతుంది. దూరనప్పుడు ఎంత అశ్వశక్తి ఉండి ఏమి లాభం? స్పిండిల్ మరీ పొడుగైనా చిక్కే. గొట్టం వెనుక కొన బయటికి వస్తేనే దానిని కూడా సరిగా నడిమికి తేగలం.

ఐతే పొడవు పనికిరానిదా? కాదు. దూరని గొట్టానికి రెండు కొనలా ఆధారం ఇవ్వాలి, అప్పుడు పొడవైన బెడ్ కావాలి. రెండు కొనలా ఆనించిన కడ్డీ నడుమ అదే బరువు వ్రేలాడదీస్తే వంపు మొదటిదానిలో పదహారవ వంతే.

ఈ సూత్రమే చరిత్రను మలుపు తిప్పింది. ఇంగ్లండులో ఫిరంగులు తొలిచిన జాన్ విల్కిన్‌సన్, 1775 ప్రాంతంలో తొలిచే కడ్డీకి రెండు కొనలా ఆధారం కల్పించాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి కావలసిన గుండ్రని సిలిండరు అప్పుడు లభించింది. హైదరాబాదులో 1786లో రేమాండ్ నెలకొల్పిన ఫిరంగుల పోత కర్మాగారం పేరు నేటికీ గన్‌ఫౌండ్రీ పేటకు నిలిచి ఉన్నది.

కనుక నా తీర్పు ఇది: మొదట స్పిండిల్ రంధ్రం, తరువాత దాని తిరుగుడులో వణుకు లేకపోవటం, తరువాత బరువైన పోత ఇనుప దిమ్మె, అశ్వశక్తి చివరిది. పాత లేతు కొంటే బెడ్ చక్ దగ్గర అరిగి ఉండవచ్చు. ఒక కడ్డీని తరిమెన పట్టించి, రెండు కొనలా మైక్రోమీటరుతో కొలిచి చూడాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఉక్కు స్కేలును బల్ల అంచున 10 సెంటీమీటర్లు, తరువాత 20 సెంటీమీటర్లు బయటికి ఉంచి, కొనన ఒకే చిన్న బరువు వ్రేలాడదీయండి. ఎనిమిది రెట్ల వంపు కంటితో చూసిన పిల్లవాడు లేతును పొడవుతో కొలవడు.